మిగిలిన ఎర్తు వైరు

ఆ రోజు కోట బస్టాండులో బస్సెక్కగానే తూర్పున మెరిసింది. ఉరుము వినిపించేదాకా సెకన్లు లెక్కపెట్టాను. పన్నెండు. అంటే నాలుగు కిలోమీటర్లు. మా రొయ్యల చెరువు అటే ఉంది.

పక్క సీట్లో జేబులో కరెంటు టెస్టరున్న మనిషి కూర్చున్నాడు. ఉండబట్టలేక చెప్పాను.

"చెరువు కాడ షెడ్డులో, పిడుగు కరెంటును భూమిలోకి దించే సర్జ్ ప్రొటెక్టర్లు నేనే బిగించినా. రొయ్యలకు గాలి కొట్టే మోటార్లకు నాలుగొందల పదిహేను వోల్టులది, లైట్లకు రెండొందల ముప్పైది. మూడు మీటర్ల ఎర్తు వైరు మిగిలితే, కోయకుండా చక్కంగా చుట్టి కట్టినా."

ఆయన నవ్వాడు. "ఆ చుట్టే కొంప ముంచేదన్నా. పిడుగు మెలికల్లో పోలేక మోటార్ల మీదకే మళ్లుద్ది. ఎర్తు వైరు పొట్టిగా, తిన్నగా ఉండాల."

దిగిపోదామని లేచాను. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు.

"ఇప్పుడు పోయి దాన్ని ముట్టుకోబాక. రొయ్యలు పోతే మళ్లా ఏసుకుంటావు. షెడ్డులో ఎవరున్నారు?"

మా ఆవిడ ఉంది. ఆయన అడిగేదాకా ఆమె నా లెక్కలో లేదు.