వారం వారం గల్లీ దాటే మిషన్

మా ఇంటికి ఎయిర్ ఫ్రయ్యర్ వచ్చిన రోజున దాన్ని చూడటానికి జనం గల్లీ దాటి, మెయిన్ రోడ్డు దాటి, పసుపు యార్డు గేటు దాకా నిలబడ్డారు. ఆటోలు ఆగిపోయాయి. పోలీసు ఈల వేసి వేసి అలసిపోయి, చివరికి తానూ వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు.

ఇది అబద్ధం. వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు పాలాయన, ఇంకోటి పిల్లి. పాలాయన కూడా పాలు పోయడానికే వచ్చాడు.

చదివేవాళ్లకు ముందే చెప్పి పెడుతున్నాను. ఏ సంగతి చెప్పినా దానికి కొంచెం గాలి కొట్టే అలవాటు నాకుంది. గాలి కొట్టకుండా సైకిలు ఎవరైనా తొక్కుతారా? కాకపోతే కాసేపటికి నేనే పిన్ను గుచ్చి ఆ గాలి తీసేస్తాను. ఇంట్లోవాళ్లు మాత్రం అంతసేపు ఆగరు.

ఆ మిషన్ నూనె లేకుండా ఉత్త వేడిగాలితో వేపుతుంది. అది నా ఒక్కడిది కాదు. సగం నాది, సగం ఎదురింట్లో ఉండే నా దోస్తుది. మేమిద్దరం బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశాం. నేను చెరుకు బండ్ల కాటా దగ్గర, ఆయన లోపల ఫిట్టరు. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇద్దరం నిజామాబాద్ వచ్చి గల్లీకి అటొకరు ఇటొకరు ఇళ్లు కట్టుకున్నాం. నేను ఆయన్ని భాయ్ అంటాను. మాది వ్యవసాయ కుటుంబం కాబట్టి ఆయన నన్ను పటేలా అంటాడు. పొలం అమ్ముకున్నాను గానీ ఆ పిలుపు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

భాయ్‌కి గుండె, నాకు షుగరు. ఫ్యాక్టరీ మూసేసేటప్పుడు మిగిలిన చక్కెరంతా నా ఒంట్లోనే దాచారని భాయ్ అంటాడు. ఇద్దరికీ ఒకే డాక్టరు. ఒకే రోజున ఇద్దరికీ నూనె బంద్ అన్నాడు. అప్పటిదాకా సాయంత్రమైతే బస్టాండు దగ్గరి మిర్చి బండి ముందు మా హాజరు పడేది. బంద్ అయ్యాక కూడా పోయేవాళ్లం, వాసన చూడటానికి. బండి ఆయన కొన్నాళ్లు ఓర్చుకున్నాడు. ఒకరోజు మెల్లగా అన్నాడు.

"కాకా, వాసన ఫిరీనే. కని జర పక్కకు జరుగున్రి. మీ ఎనుక గిరాకి కనవడ్తలేదు."

ఆ తర్వాత భాయ్ రావడం మానేశాడు. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచిపోయేవాడు. పంటి కింద కరకరమనేది ఏదీ లేకపోతే ఆయనకు తిన్నట్టే ఉండదు. మనిషి చిక్కిపోయాడు. చొక్కా కాలరులో మెడ ఊగులాడేది. ఒకరోజు ఆయన భార్య, మా భాభీ, మా గేటు దగ్గర నిలబడి, "మీరన్న చెప్పున్రి అన్నా. నా మాటింటలేడు. గిట్లనే ఉంటే మంచం వడ్తడు," అని కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు కొన్నాం ఆ మిషన్ని, ఇద్దరం కలిసి. మొదటి రోజు అందులో సమోసా వేసి ఇచ్చాం. భాయ్ కొరికాడు. కరుక్కుమంది. ఆయన కళ్లు మూసుకుని నమిలాడు. భాభీ లోపలికి పోయి కళ్లు తుడుచుకొని వచ్చింది. ఇందులో నేను గాలి కొట్టింది ఏమీ లేదు.

మిషన్ ఒక వారం వాళ్లింట్లో, ఒక వారం మా ఇంట్లో. శుక్రవారం నమాజు అయ్యాక గల్లీ దాటుతుంది. అది ఎవరింట్లో ఉన్నా సాయంత్రం ఇద్దరం మా అరుగు మీదే తింటాం. అందులో వేపే మాంసం భాయ్ వాళ్లు కొనే హలాల్ దుకాణానిదే. మా దగ్గర ఇరుగింటి నుంచి వచ్చిన గిన్నెను ఉత్తగా వాపసు పంపరు కదా, అలాగే మిషన్ బుట్ట కూడా ఎప్పుడూ ఉత్తగా దాటలేదు. మా ఇంటి నుంచి పల్లీలో, మక్క గింజలో పోతాయి. వాళ్లింటి నుంచి ఏం వస్తుందో బుట్ట లాగితే గానీ తెలియదు.

ఇక నా బేకన్ కథకు వస్తాను. బేకన్ అంటే పందిమాంసానికి ఉప్పు పట్టించి, పొగబెట్టి, రిబ్బన్లలా పలచగా కోసింది. వెనకట మా ఫ్యాక్టరీలో ఏదో పెద్ద మిషన్ బిగించడానికి విదేశం నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. ఆయన రోజూ పొద్దున నన్ను గెస్ట్ హౌసుకు పిలిచి, పక్కన కూర్చోబెట్టుకొని, తన చేత్తో వేపిన బేకన్ పెట్టేవాడు. తింటే అప్పడంలా విరిగేది. మెల్లమెల్లగా నేనే వేపి ఆయనకు పెట్టేదాకా వచ్చింది వ్యవహారం. ఆయన పోతూ పోతూ నన్ను కౌగిలించుకుని, మా దేశం వచ్చెయ్ అన్నాడు.

ఈ కథ నేను పెళ్లిళ్లలో, దావత్‌లలో, ఒకసారి దినం భోజనాల దగ్గర కూడా చెప్పాను. చెప్పేటప్పుడు భాయ్ చాలాసార్లు పక్కనే ఉండేవాడు. గడ్డం గోక్కునేవాడు.

ఎక్కువసార్లు విన్నవాడు మా అల్లుడు. హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏది చేసినా ఫోన్లో తీసి చుట్టాలందరికీ పంపుతాడు. ఆ శుక్రవారం సాయంత్రం, మిషన్ మా ఇంటికి వచ్చి ఇంకా బుట్ట కూడా తెరవకముందే, కూతురూ అల్లుడూ కారు దిగారు. అల్లుడి చేతిలో ఐసు డబ్బా.

"మామా, మీకోసం ఏం తెచ్చిన్నో చెప్పున్రి."

"చేపలా?"

"బేకన్. రేపు పొద్దుగాల నాష్టాకు మీ చేతితోనే చెయ్యాలె. ఆ ఇంజినీరుకు చేసినట్టే. నేను ఫోన్ల తీస్త."

నా నోరు ఎండిపోయింది. షుగరు వల్ల కాదు.

మా ఇంటామె వంటింటి గడపకు అడ్డంగా నిలబడింది. "గీ పొయ్యి మీద గది పెట్టిన్రనుకో, నేను మోస్రా ఊర్ల మా తమ్మునింటికి పోత. మల్ల రమ్మని ఎవలు రావొద్దు."

"పొయ్యెందుకత్తా," అన్నాడు అల్లుడు. "అరుగు మీద మిషనున్నది గద. నెట్టుల జూసిన, దాంట్లనే మంచిగైతదట. కరకరలాడ్తదట."

అప్పుడే నేను, ఆ మిషన్ మా ఇద్దరి మిత్రుల నమ్మకం, దాన్ని ముట్టనివ్వనని గట్టిగా చెప్పేశాను.

చెప్పలేదు. "సూద్దాం తియ్యి," అన్నాను. ఇన్నేళ్ల కథ ఒకవైపు, భాయ్ సమోసా ఒకవైపు. నేను మధ్యలో కాటా ముల్లులా ఊగుతున్నాను. ఒక పూట పెట్టి, సబ్బుతో కడిగేస్తే ఎవరికి తెలుస్తుంది అని కూడా అనుకున్నాను.

తెల్లారింది. అల్లుడు ఫోను పట్టుకుని తయారు. నేను భుజం మీద తువ్వాలు వేసుకుని, గెస్ట్ హౌసు వంటవాడిలా మిషన్ ముందు నిలబడి బుట్ట లాగాను.

అందులో కాగితం పొట్లం ఉంది. విప్పాను. కాకరకాయ చిప్స్.

కాకరకాయ అంటే భాయ్‌కి పడదు. వాళ్లింట్లో అది కోసిన రోజున ఆయన మసీదు నుంచి తొందరగా ఇంటికి రాడు. ఆ ఇంట్లో దాన్ని తినేవాడు లేడు. షుగరుకు మంచిదని నాకోసమే భాభీ కాకరకాయలు కొనిపించి, గుండ్రంగా కోసి, గింజలు తీసి, ఉప్పూ కారం చల్లి వేపి పెట్టింది. నేను పొట్లం పట్టుకుని నిలబడి ఉండగానే అల్లుడు బుట్ట తీసుకుపోయి, నల్లా కింద కడిగి, నీళ్లు కారుతుండగా తెచ్చాడు.

"ఇగ పెట్టున్రి మామా."

"మిషన్ ఖరాబైంది," అన్నాను.

అల్లుడు మీట నొక్కాడు. లైటు వెలిగింది. ఫ్యాను గుయ్యిమంది. నాకంటే ఆ మిషనే నిజాయితీగా ఉంది.

ఇక దారి లేక చెప్పాను. "గది మా ఇద్దరిది అల్లుడూ. గందుల పందిమాంసం వెడితే ఇగ భాయ్ దాంట్ల తినడు. తినకపోతే మల్ల మంచం వడ్తడు."

"కడిగితే పోతది గద మామా. ఆయనకెట్ల తెలుస్తది?"

ఆ మాట నిన్నటి నుంచి నా లోపలే ఉంది. నా లోపల ఉన్నంతసేపు అది బాగానే ఉంది. ఇంకొకరి నోట బయటికి వచ్చేసరికి వినబుద్ధి కాలేదు.

"తెలువదు," అన్నాను. "గందుకే వద్దు."

కడిగిన బుట్టను అరుగు గోడ మీద బోర్లించాం. వాకిట్లో జామచెట్టు కింద మూడు ఇటుకలు పెట్టి పుల్లలు ముట్టించాను. మా ఇంటామె కోళ్లకు నూకలు పోసే ఇనుప పెంకను తలుపు సందులోంచి బయటికి నెట్టి, "దాన్ని మల్ల ఇంట్లకు తేకున్రి," అంది.

పెంక మీద నేను బేకన్ వేసిన తీరు చూసి అల్లుడు నోరెళ్లబెట్టాడు. ఒక్కో ముక్కను గాల్లోకి ఎగరేసి తిప్పాను.

అదీ అబద్ధం. ముక్కలు ఒకదానికొకటి అంటుకుని విడలేదు. ముద్దగానే పడేశాను. వేడి తగలగానే అవి మెలికలు తిరిగాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను. కొవ్వు కరిగి నిప్పుల్లో పడి మంట నా మీసం ఎత్తు లేచింది.

"ఎప్పుడు తిప్పాలె మామా?"

"అదే చెప్తది," అన్నాను గంభీరంగా.

అది ఏమీ చెప్పలేదు. నల్లబడి ఊరుకుంది. పొగ గల్లీ దాటి ఎదురింటి కిటికీలో దూరింది. అంతలో బకెట్టు నిండా నీళ్లతో భాయ్ మా గేటులోకి ఉరికి వచ్చాడు.

"ఏం కాలవెట్టినవ్ పటేలా? ఇల్లంటుకున్నదనుకొని ఉర్కొచ్చిన."

వచ్చినవాడు పెంక వైపు చూశాడు. వాసన తెలిసినట్టుంది, అక్కడే ఆగిపోయాడు. తర్వాత ఆయన చూపు గోడ మీద బోర్లించిన బుట్ట మీదికి పోయింది. దాని అంచు నుంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి.

"కడిగిన్రా?" అన్నాడు.

"కడిగినం."

"ఎందుకు?"

మా అల్లుడు సాయం చేద్దామనుకున్నాడు. "గది పెడ్దామనే కడిగిన అంకుల్. కని పెట్టలె."

ఇన్నాళ్లూ పులిని చూశానన్నా, మంత్రికి దారి చూపించానన్నా నమ్మించడానికి నా దగ్గర మాటలకు కొదవ లేదు. ఇప్పుడు ఒక్క నిజం చెప్పాల్సి వచ్చేసరికి అతికించడానికి ఏమీ దొరకలేదు.

"భాయ్, గది పంది. మిషన్ల పెట్టలె," అన్నాను. అంతే.

భాయ్ బకెట్టు కింద పెట్టాడు. నన్ను చూశాడు. గడ్డం గోక్కున్నాడు. భాభీ కూడా వాళ్ల గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. పెంక మీద ముక్క ఒకటి చిటపటమంది.

"అల్లుడా," అన్నాడు భాయ్ మెల్లగా. "మీ మామ మాట సచ్చానా ఝూటా అని నేనెట్ల కనిపెడ్త ఎర్కనా? ఝూటైతే గింత చిన్నగుండదు. పెట్టి ఉంటె, పెట్టలేదని చెప్పనీకి గంట కథ చెప్తుండె. మజీదు కాడికెళ్లి పెద్దమనిషిని గూడ సాక్షిగ తెస్తుండె."

తర్వాత అరుగెక్కి, బుట్టను తన తువ్వాలుతో తుడిచి, పొట్లంలోంచి కాకరకాయ చిప్స్ అందులో పోసి, మీట నొక్కాడు. కాసేపటికి బుట్ట లాగి, వేడి వేడిది ఒకటి నోట్లో వేసుకున్నాడు. కరుక్కుమంది. ఆయన ముఖమంతా ఒక్కచోటికి ముడుచుకుంది. మింగాడు. అవతల గేటు దగ్గర భాభీ నవ్వుతూ లోపలికి పోయింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె తినిపించలేనిది ఆ పొద్దు ఆయన తన చేత్తో తిన్నాడు.

అల్లుడు ఫోను దించి అడిగాడు. "అంకుల్, మరి ఇంజినీరు బేకన్ సంగతి? మీరు గూడ ఉన్నరట గద అప్పుడు."

"ఉంటి," అన్నాడు భాయ్. "పాపం ఆయనకు వచ్చిన నాటి నుండి కడుపు నడుస్తుండె. పెరుగన్నం, అరటిపండు. ఇగ వేరేది ముట్టకపోతుండె. మీ మామ కాటా కాడికెళ్లి అరటిపండ్లు తెచ్చిచ్చిండు. గది మాత్రం సచ్చే."

అల్లుడు నా వైపు చూశాడు. నేను మంట ఆర్పే పనిలో పడ్డాను.

"మరి ఇన్నేండ్లు చెప్పలేదేంది అంకుల్?"

"మంచిగ చెప్తడు గద," అన్నాడు భాయ్. "ఇననీకి నాకు గూడ మంచిగనే ఉంటది."

ఇక బేకన్ రుచి. బతుకులో మొదటిసారి ఆ రోజు మాడని మూల ఒకటి తుంచి తిన్నాను. ఉప్పు, పొగ. మన ఎండు తునకలకు దూరపు చుట్టంలా ఉంది. ఆ మాట అంటే భాయ్, "మరి తునకలే తింటే అయిపాయె గద," అని సాయంత్రం వాళ్లింట్లో ఎండబెట్టి పెట్టుకున్న మాంసం తునకలు తెచ్చాడు. మిషన్‌లో వేశాం. పసుపు వాసనతో, అప్పడంలా విరిగాయి. అల్లుడు ఫోన్లో తీసి, మామ చేసిన బేకన్ అని అందరికీ పంపాడు. ఆ వంకర బుద్ధి మా ఇంటి అల్లుడయ్యాకే వచ్చింది.

ఆ మరుసటి శుక్రవారం మిషన్ గల్లీ దాటేటప్పుడు బుట్టలో అరటిపండ్లు పెట్టాను.

చివరగా ఒక పిన్ను. భాయ్ ఆ కాకరకాయ చిప్స్ అన్నీ తిన్నాడని మా గల్లీలో చెప్పుకుంటున్నారు. చెప్పింది నేనే. ఆయన తిన్నది ఒక్కటే. మిగిలినవన్నీ నా దోసిట్లో పోసి, మంచినీళ్లు అడిగాడు.