అమ్మ చేతి నలుపు

నిన్న డ్యూటీకి బయల్దేరేముందు ముఖానికి నల్లరంగు పూసుకుంటుంటే, ఆ నూనె వాసనకి మా ఊరు పలాస గుర్తొచ్చింది. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, ఆ తొక్కల నూనె అంటి అమ్మ చేతులు ఎప్పుడూ నల్లగానే ఉండేవి.

చిన్నప్పుడు, కమాండోగా పనిచేసే మావ సెలవుకొచ్చి తన ఫొటో చూపించాడు. ముఖమంతా నలుపు.

"మావా, నువ్వూ పిక్కలు కొడతన్నావేటి?" అన్నాను.

మావ పగలబడి నవ్వాడు. అమ్మ చేతులు కొంగులో దాచుకుంది. అది చూసి మావ నవ్వు ఆగిపోయింది.

"నా రంగు సబ్బెడితే పోతాదిరా. మీ అమ్మ నలుపు పోదు. ఎవులు గట్టోలో నువ్వే సెప్పు."

అమ్మంత గట్టివాణ్ణి కావాలంటే కమాండో అయితీరాలని ఆ రోజే అనుకున్నాను.

శిక్షణ ముగిసిన రోజు నాకు బ్యాడ్జి పెట్టడానికి అమ్మని పిలిచారు.

"నీ బట్టలకి నా సేతి నలుపు అంటుకుంటాదేమోరా," అంటూ జంకింది.

"అంటుకోవాలనే కదమ్మా ఇంత కష్టపడ్డాను!"