బ్రౌజర్‌కు మర్యాద

శాలిబండలో ఓ గాజుల హోల్‌సేల్ కొట్టుకు కంప్యూటర్ బాగుచేయడానికి వెళ్లేవాణ్ణి. ఓసారి చూస్తే బ్రౌజర్ నిండా టూల్‌బార్లే, మెయిల్ చదవడానికి రెండు వేళ్ల సందు మిగిలింది. ఒళ్లు మండి, "ఇవన్నీ ఎవరు పెట్టుకోమన్నారు?" అని సేఠ్‌ను అడిగాను.

"పెట్టాల్నా అని అదే అడిగింది భాయ్. అడిగినోళ్లను వద్దంటే మంచిగుంటదా?"

అన్నీ పీకేసి, "ఇకమీద అది ఏమడిగినా నో నొక్కండి" అని గట్టిగా చెప్పాను.

నెల తిరక్కుండా వైరస్ పట్టింది. భద్రత కోసం అప్‌డేట్ చేసుకోమని బ్రౌజర్ రోజూ బతిమాలిందట. సేఠ్ నా మాట జవదాటకుండా రోజూ నో నొక్కాడు.

తల పట్టుకుని కూర్చుంటే చాయ్ తెప్పించాడు. వద్దన్నాను.

"నో అంటే ఏమైతదో చూసినవ్ గద భాయ్," అంటూ కప్పు నా ముందుకు జరిపాడు. "తాగు!"