చివరి క్వార్టరులో భాగ్యక్క ఆట

కరీంనగర్‌లో మేముండే ఇంటికి కొంత దూరంలో గ్రానైటు గుట్టలున్నాయి. కొన్ని మధ్యాహ్నాలు అక్కడ రాయి పేలుస్తారు. ఆ చప్పుడు మా దాకా సరిగా రాదు. వంటింటి అరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి సన్నగా మోగుతాయి, అంతే. కానీ అంతకు ఒక్క క్షణం ముందే నా అరికాళ్లకు తెలిసిపోతుంది. గచ్చు చల్లగా తగిలే చోట, మడమల కింద, ఎవరో నిద్రలో పక్కకు ఒత్తిగిలినట్టు చిన్న కదలిక. మొన్న చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నిలబడి ఉంటే మళ్లీ అలాగే అయింది. చేతిలో పని ఆగిపోయింది. నేలను కాళ్లతో వినడం నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చింది.

ఆమె భాగ్యక్క. అప్పట్లో మేము గోదావరి పక్కన బొగ్గు బాయిల కాలనీలో ఉండేవాళ్లం. బొగ్గు గనిని మా దిక్కు బాయి అంటారు. నా భర్త అక్కడ డంపరు నడిపేవాడు. భాగ్యక్క కువైట్‌లో ఎన్నో ఏళ్లు ఇంటిపని చేసి తిరిగొచ్చి, కొడుకుతోపాటు మా పక్క క్వార్టరులో దిగింది. భర్త మల్లేశం బాయిలో పోయినప్పుడు పిల్లలు చిన్నవాళ్లు. వాళ్లను తల్లి దగ్గర వదిలి విమానం ఎక్కిందట. కొడుకు పెద్దవాడై తండ్రి ఉద్యోగంలో చేరాకే వెనక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి, కొంచెం భారీ శరీరం, చామనఛాయ. నడుస్తుంటే మాత్రం నెత్తిన నిండు బిందె ఉన్నట్టు, అది తొణకకుండా మోసుకుపోతున్నట్టు ఉండేది.

నాకు ఆపరేషన్ అయిన ఏడాది అది. కడుపునొప్పి భరించలేక గర్భసంచి తీయించుకున్నాను. ఒక బిడ్డ ఉంది, బడికి పోతోంది, ఇంకా దానితో పనేముంది అన్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను. కానీ ఇంటికొచ్చాక లోపల ఒక గది ఖాళీ అయినట్టు, అందులో గాలి తిరుగుతున్నట్టు ఉండేది. ఒళ్లు వచ్చింది. నలుగురిలోకి పోవాలంటే కాళ్లు రాకపోయేవి. నిలబడినా కూర్చున్నా కొంగు పొట్ట మీదికి లాక్కోవడమే పని.

ఒకరోజు బట్టలారేస్తుంటే గోడ అవతల నుంచి భాగ్యక్క చూసింది.

"ఎందుకే స్వరూపా, పొట్టను గట్ల దాస్తున్నవ్? ఎవలిదన్న దొంగతనం జేసి తెచ్చినవా?"

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "పోరలు బడికి పోయినంక కడకున్న క్వార్టరుకు రా," అంది. "కువైట్‌ల నేర్చుకున్న ఆట నేర్పుత. పొట్టతోని ఆడేది. బెల్లీ డాన్స్ అంటరు గద ఫోన్లల్ల."

"అవ్వో! గా బట్టలేసుకోనా అక్కా?"

"నీ చీర మీదనే రా పొల్లా. మా సేటు తల్లి ఈజిప్టు ఆమె, పండు ముసలిది. మెడ కాడి నుంచి మడిమెల దాక కప్పుకొనే ఆడేది. తలుపులేసుకోని, ఆడోళ్లు ఆడోళ్ల నడుమ ఆడుకునే ఆట అది. మొగోళ్లకేం పని గాడ?"

మా లైనులో చివరి క్వార్టరు అప్పటికే ఖాళీ. గోడలు పగుళ్లిచ్చాయని అందులో వాళ్లను వేరే లైనుకు మార్చారు. కరెంటు తీసేశారు. పగలు కూడా లోపల బొగ్గుపొడి రంగు వెలుగు ఉండేది. చాన్నాళ్లు మూసి ఉంచిన గది నుంచి వచ్చే వాసన, తడిసిన సున్నం వాసన. నాతోపాటు ఫిట్టరు భార్య కమల వచ్చింది, ఇంకా నలుగురైదుగురు వచ్చారు. కొందరు బరువు తగ్గాలని, కొందరు నడుమునొప్పికి, కమల మాత్రం ఒట్టి నవ్వుకోవడానికి. భాగ్యక్క తగరపు బిళ్లలు కుట్టిన రుమాలు నడుముకు కట్టుకుని, ఫోనులో దరువు పెట్టి మా ముందు నిలబడేది. ఆమె చెప్పే పాఠాలన్నీ మాకు తెలిసిన పనులే. "ఇసుర్రాయి తిప్పినట్టు నడుము తిప్పుండ్రి." "జల్లెడ పట్టినట్టు జర వణికియ్యుండ్రి, చేతులు గాదు, పిర్రలు." కమల విరగబడి నవ్వి గోడకు ఆనుకునేది. నెల తిరక్కముందే మాలో అందరి నడకా మారింది.

నాకు మాత్రం పొట్టలో అల రాలేదు. పొట్టను పై నుంచి కిందికి నీటి అలలాగా జారవిడవాలి. నేను బిగబట్టేదాన్ని.

"గుంజకు," అంది భాగ్యక్క నా పొట్ట మీద అరచెయ్యి పెట్టి. "సిగ్గుతోని లోపటికి గుంజుతున్నవ్. ఇడిసిపెట్టు."

"ఏమున్నదక్కా లోపట ఇడిసిపెట్టనీకి? అంత తీసేసిండ్రు."

"తీసేసింది సంచిని. జాగ అట్లనే ఉన్నది గద," అంది.

ఆ మాటకు ఉలిక్కిపడ్డాను. ఓదార్పులా లేదు అది. తలుపు తీసి చూపించినట్టు ఉంది. అదే రోజు, ఎప్పుడో తెలియకుండా, అల వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. తరువాతి నెల మంథనిలో చుట్టాల పెళ్లికి పోయినప్పుడు ఒక పెద్దామె అందరి ముందూ, "గింత చిన్న వయసుల తీపిచ్చుకుంటివా, పాపం," అంది. ఎప్పటిలా కొంగు కోసం చెయ్యి పోలేదు. "అవునత్తా, పానం హాయిగున్నది," అని పందిరి నడుమ నుంచి నడిచిపోయాను. అది చిన్న సంగతే. నాకు కాదు.

ఆ క్వార్టరులో ఇంకో సంగతి ఉంది. దాన్ని మొదట గమనించింది నేనే అనుకుంటాను. భాగ్యక్క మడమ ఎత్తి నేలకు వదిలినప్పుడు, పాట ఆగిపోయాక కూడా, కింద నుంచి అదే దెబ్బ మళ్లీ వినిపించేది. కొంచెం ఆలస్యంగా, మెత్తగా, గుడ్డ చుట్టిన సుత్తితో కొట్టినట్టు. మొదటిసారి నేను ఆమె ముఖంలోకి చూశాను. ఆమె కళ్లు మూసుకునే ఉంది.

"ఏందక్కా అది?"

"పాత బాయి. కింద బోలు ఉన్నది. బోలు ఉన్న కాడ నేల మాటకు మాట చెప్తది," అంది. అందరూ వెళ్లాక నన్ను ఆపి, మిగతాది చెప్పింది.

మల్లేశం ఆఖరిసారి బాయి దిగిన రోజు పైకప్పు కూలింది. ఆయన టోపీ దొరికింది, టోపీకి ఉన్న లైటు దొరికింది. ఆయన దొరకలేదు. లోపల గాలి పాడైందని ఆ దారికి గోడ కట్టి మూసేశారు. "గా దారి మన లైను కిందికే వస్తదట. గీ క్వార్టరు కిందికి," అంది. "ఆయన బాయిల పనికి పోయినప్పుడు కట్టెతోని పైకప్పును కొట్టి చూసేటోడట. గట్టిగుంటె ఖంగుమంటది, బోలుంటె మెత్తగ మోగుతది. ఇంటికొచ్చినా గోడలు కొట్టుడే. గా అలవాటు పోలే ఆయనకు." ఎప్పుడో చనిపోయిన మనిషి ఇంకా మానుకోని అలవాటు గురించి చెప్పినట్టు చెప్పింది. కాలనీలో ఖాళీ క్వార్టర్లు ఇంకా ఉండగా ఈమె దీన్నే ఎందుకు ఎంచుకుందో నాకప్పుడు తెలిసింది. తెలిసినా మర్నాడు మళ్లీ వెళ్లాను. ఎందుకు వెళ్లావంటే చెప్పలేను. భయం ఉంది. అయినా ఆ గదిలో నా శరీరం నాదిగా ఉండేది.

శ్రావణంలో వాన పట్టు వదలకుండా కురిసి, ఒక ఉదయం తెరపి ఇచ్చింది. చాలా రోజుల తర్వాత అందరం కలిశాం. కమల తన కొత్త ఫోనులో పాట పెట్టి కిటికీలో ఉంచింది. మంచి ఊపు మీదున్నాం. తిరుగుతూ తిరుగుతూ భాగ్యక్క సగంలో ఆగిపోయింది. కళ్లు తెరిచింది. రెండు చేతులూ తన పొట్ట మీద పెట్టుకుంది, ఎవరో లోపలి నుంచి తట్టినట్టు.

"బయటికి నడువుండ్రి."

"ఏమైందక్కా?" అని కమల నవ్వుతూనే ఉంది. "చెప్పులన్న తొడుక్కోనియ్యి."

"చెప్పులొద్దు! నడువుండ్రే!"

ఆమె అలా అరవడం ఎన్నడూ వినలేదు. వట్టి కాళ్లతో బయటికి వచ్చి ఎండలో నిలబడ్డాం. ఏమీ కాలేదు. గోడ మీద కాకి ఒకటి ఈకలు ఆరబెట్టుకుంటోంది. లోపల పాట మోగుతూనే ఉంది. మా మొహాలు మేమే చూసుకుని సిగ్గుపడటం మొదలుపెట్టాం. "నా ఫోన్ తెచ్చుకుంట," అని కమల అడుగు వేసింది. భాగ్యక్క ఆమె మణికట్టు పట్టుకుంది. కమల విడిపించుకోబోయింది, పట్టు వదల్లేదు. గాజులు పగిలాయి.

అప్పుడు నేల దిగింది. పెద్ద చప్పుడేమీ లేదు, బరువు దింపుకున్న మనిషి ఊపిరి వదిలినట్టు ఒక శబ్దం. గుమ్మంలో నుంచి చూస్తుండగానే గచ్చు మధ్యలో కుంగి, పలకలు పలకలుగా లోపలికి జారిపోయింది. కిటికీ ఉన్న గోడ దాని వెంట ఒరిగింది. పాట మాత్రం ఆగలేదు. అది కిందికి పోతూ వినిపించింది. దూరమవుతూ, సన్నబడుతూ, బావిలో చేద జారినట్టు ఇంకా ఇంకా కిందికి. దుమ్ము అణిగాక కూడా గుంత అడుగు నుంచి ఆ దరువు వస్తూనే ఉంది. మేం ఒకరి చేతులు ఒకరం పట్టుకుని, అది ఆగేదాకా కదలకుండా నిలబడ్డాం.

"ఎట్ల తెలిసిందక్కా?" అని అడిగాను ఆ సాయంత్రం.

"దెబ్బకు దెబ్బ వస్తుండె గద. ఇయ్యాల నేను కొట్టకముందే వచ్చింది," అంది.

గనుల మనుషులు వచ్చి తీగ కట్టారు, గుంతను ఇసుకతో నింపారు. ఈలోగా కాలనీలో మాట పుట్టింది. భాగ్యమ్మ పీనుగ మీద ఆడిందని, ఆ ఆటకే నేల నోరు తెరిచిందని. ప్రాణం దక్కిన కమలే అందరికంటే ఎక్కువ భయపడింది. భాగ్యక్క ఎదురొస్తే కొంగు నెత్తి మీదికి లాక్కుని పక్క సందులోకి తిరిగేది. నేను మాత్రం రోజూ వెళ్లి కూర్చునేదాన్ని. ఆమెను జనం మాటలు బాధపెట్టలేదు. ఇసుక బాధపెట్టింది. "అంత నింపేసిండ్రే," అంది ఒకసారి, వట్టి కాలు నేలకు ఆనించి. "ఇగ వినరాదు." కొన్నాళ్లకు లక్సెట్టిపేటలో ఉన్న కూతురు సునీత దగ్గరికి వెళ్లిపోయింది. మేమూ పాప చదువు కోసం కరీంనగర్ వచ్చేశాం.

మళ్లీ ఆమెను చూసింది ఒక్కసారే. సునీత ఫోను చేసి, "అవ్వ నిన్ను యాది జేస్తుంది, జర వచ్చి పో అక్కా," అంది. గొంతులో ఏదో దాచుతున్నట్టు ఉంది. వెళ్లేసరికి పట్టపగలు. భాగ్యక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉంది. చిక్కి సగమైంది. కాళ్లూ చేతులూ కట్టెల్లా కదలకుండా ఉన్నాయి. నిద్రపోతోంది. కానీ దుప్పటి కింద ఆమె పొట్ట ఆడుతోంది. పై నుంచి కిందికి అల, మళ్లీ పైకి, ఒక మెలిక, ఒక ఆగుడు, మళ్లీ అల.

"నిద్రలున్నా, మెలకువున్నా గిట్లనే," అంది సునీత. "ఏదో నరం రోగమన్నరు డాక్టర్లు. గోలీలకు ఆగుతలేదు. ఇంట్లకు ఎవ్వలు రావాలన్నా పరేషాన్ అయితున్నరు."

భాగ్యక్క కళ్లు తెరిచి నన్ను పోల్చుకుంది. "నేను ఆడుతలేనే స్వరూపా. అదే ఆడుతున్నది. చెయ్యి పెట్టి చూడు."

పెట్టాను. అది ఆమె మాకు నేర్పిన ఏ దరువూ కాదు. నా అరచేతి కింద ఏదో తన పని తాను చేసుకుపోతోంది, నన్ను గాని ఆమెను గాని పట్టించుకోకుండా.

"భయమైతాందా?"

"అయితాందక్కా."

"కానీ తియ్యకు."

తీయలేదు. ఆమె, "ఇన్నొద్దులు కిందికెల్లి ఆయన కొడుతుండనుకున్న," అంది. పెదవుల మీద చిన్న నవ్వు. "ఏమో, గిదేనేమో. నా లోపటిదే నాకు గా నేల కింద నుంచి వినొచ్చిందేమో."

"మరి నేనూ విన్న గదక్కా?"

ఆమె నా చెయ్యి మీద తన చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. ఆ వారంలోనే పోయింది. ఊపిరి ఆగిన తర్వాత కూడా కాసేపు పొట్ట కదిలిందని సునీత నాతో చెప్పింది. ఇంకెవరితోనూ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. ఇప్పుడు సునీతే చెప్పమంది కాబట్టి రాస్తున్నాను.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో ఆడవాళ్లకు ఈ ఆట నేర్పుతున్నాను. కాన్పుల తర్వాత ఒళ్లు వచ్చినవాళ్లు, ఆపరేషన్లు అయినవాళ్లు, ఊరికే సరదాకు వచ్చేవాళ్లు. పొట్ట బిగబట్టి నిలబడ్డవాళ్లను చూడగానే నాకు తెలిసిపోతుంది. భాగ్యక్క చెప్పిన మాటే చెబుతాను, జాగ అట్లనే ఉన్నది గద అని. కొందరు ఏడుస్తారు. కొందరు, ఒకప్పుడు నేను ఉలిక్కిపడ్డట్టు, ఉలిక్కిపడతారు. తరువాత తల ఎత్తుకుని మెట్లు దిగి వెళతారు.

ఈమధ్య ఒకరోజు పాఠం అయిపోయి అందరూ చెప్పులు తొడుక్కుంటున్నారు. కొత్తగా చేరిన ఒక అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడి నా వైపే చూస్తోంది. "మేడం, పాట బంద్ అయ్యింది గద," అంది నెమ్మదిగా. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను. తల వంచి చూసుకున్నాను. చీర కుచ్చిళ్ల మీద, నేను ఆడించకుండానే, ఒక అల పై నుంచి కిందికి పోతోంది. భయం వేసింది. అయినా కొంగు కప్పుకోలేదు. ఆ అమ్మాయి చూస్తుండగానే అరచెయ్యి దాని మీద పెట్టి, అది ఆగేదాకా అలాగే కూర్చున్నాను.