మోకాలి మీద చేపల ఐసు

“సెలక్షన్లో ముందు నడకే చూస్తారండీ. బంతి సంగతి తర్వాత. కోర్టులోకి వచ్చేటప్పుడు పిల్ల కాలు కాస్త ఈడ్చిందంటే చాలు, పేరు పక్కన చిన్న గీత పడిపోద్ది. మా రోజుల్లోనూ అంతే. అందుకే నిస్సీకి నడక నేర్పానండి. నొప్పున్నా లేనట్టు నడవడం.”

కెజియా చెప్పడం ఆపి తన చేతులు చూసుకుంది. రోజూ ఐసులో నానే చేతులు, వేళ్ళ సందుల్లో తెల్లగా పాసిపోయాయి. పెదపాడు దగ్గర చేపల ప్యాకింగ్ షెడ్డులో పని. ట్రేలో ఒక వరస చేపలు, ఒక వరస ఐసు, మళ్ళీ చేపలు. ఇరవై ఏడేళ్ళ కిందట ఇవే చేతులతో రాష్ట్రం జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడింది. ఆ రోజుల గురించీ, ఇప్పుడు ఆడుతున్న కూతురి గురించీ రాసుకుందామని ఏలూరు నుంచి వచ్చిన మనిషి ఫోన్లో రికార్డింగు పెట్టి ఎదురుగా స్టూలు మీద కూర్చున్నారు. కూతురు ఇప్పుడు ఆడటం లేదని ఇంటికొచ్చేదాకా ఆయనకి తెలీదు.

లోపలి గదిలో నవారు మంచం మీద నిస్సీ ఉంది. పదో తరగతి. కుడికాలికి తొడ నుంచి పిక్క దాకా పట్టీల బెల్టు. తలుపు తీసే ఉంది.

“నాకూ రుక్మిణికీ ఒకే జట్టండి,” అంది కెజియా. “గూడెంలో కిరాణా కొట్టు వాళ్ళమ్మాయి. అది బంతి విసిరితే నేను వేసేదాన్ని. తలకాయ తిప్పి చూసుకునే పని కూడా లేదు. మధ్యాహ్నం నేను క్యారేజీ తీస్తే చాలు, ‘మూత పెట్టవే బాబూ, బంతి కూడా చేపల వాసనొస్తంది’ అనేది. అంటూనే తన పులిహోర సగం నాకు పెట్టేది.”

పెళ్ళిళ్ళయ్యాక కూడా ఆ స్నేహం పోలేదు. రుక్మిణి కూతురు గీతాంజలి, కెజియా కూతురు నిస్సీ ఒకే ఏడు పుట్టారు. ఇద్దరికీ తల్లుల ఎత్తే వచ్చింది. ఏ పోటీకి వెళ్ళినా మైకులో “ఫలానా వాళ్ళమ్మాయి” అనే పిలిచేవాళ్ళు. ఆ మాట విన్నప్పుడల్లా కెజియాకి ఒళ్ళు పొంగేది. నిస్సీ మాత్రం తల దించుకునేది. అది సిగ్గనుకుంది కెజియా.

“సెలక్షన్ ఇంకో వారం ఉందనగా ప్రాక్టీసులో నిస్సీ మోకాలు కలుక్కుమందండి. నొప్పంది. చూశాను. కాస్త వాచింది. ఆ ఒక్క రోజు గట్టెక్కితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు, దాని చదువూ తిండీ వాళ్ళే చూసుకుంటారు. అందుకని చర్చి మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. నొప్పికాలు ముందు దింపు, బరువంతా రెండో కాలి మీద ఉంచు, పక్కవాళ్ళతో కబుర్లు చెబుతూ దిగు, అప్పుడెవరూ కాళ్ళు చూడరన్నాను. నలభై సార్లు దింపించాను. సెలక్షన్‌కి వెళ్ళాం. అక్కడ...”

“ఐసు సంగతి చెప్పమ్మా,” లోపలి నుంచి నిస్సీ గొంతు వచ్చింది.

కెజియా ఉలిక్కిపడింది. నెలన్నర నుంచి ఆ పిల్ల అవసరానికి తప్ప తల్లితో నోరు విప్పలేదు.

“చెబుతున్నానే.” కొంగుతో నోరు తుడుచుకుంది. “ఆ రోజు పొద్దున షెడ్డు నుంచి ఐసు తెచ్చానండి, చేపల మీద పోసేది. సంచిలో కట్టి మోకాలి మీద పెట్టి, పైన గుడ్డ బిగించాను. మొద్దుబారిపోయాక ఐసు తీసేసి, ట్రాక్ ప్యాంటు కింద గుడ్డ ఒక్కటే ఉంచాను. చిన్నప్పుడు మా కోచ్ నాకూ అదే చేశాడు. నా మోకాలు ఆ తర్వాత రెండేళ్ళు ఆగింది. దీనిది రెండు గంటలైనా ఆగదా అనుకున్నాను.”

ఆ రోజు కోర్టు పక్కన రుక్మిణి నిస్సీని దగ్గరికి తీసుకుని ముక్కు ఎగబీల్చింది. “ఏమే కెజియా, పిల్ల దగ్గర కూడా చేపల వాసనేంటే!” అని పకపకా నవ్వింది. కెజియా నవ్వలేకపోయింది. మెట్ల మీద నేర్పినట్టే నిస్సీ కబుర్లు చెబుతూ కోర్టులోకి నడిచింది. ఎవరూ కాలు చూడలేదు.

గీతాంజలి ఎదుటి జట్టు. ఆట సగం దాటాక నిస్సీ బంతి పట్టుకుని రింగు కిందికి దూసుకొచ్చి ఎగిరింది. అడ్డుకోవడానికి గీతాంజలీ ఎగిరింది. నిస్సీ కిందికి దిగింది. కాలు నేల మీద నిలబడలేదు, పక్కకి మడిచేసినట్టు పోయింది. ఆ కేక కాంపౌండు బయట బండ్ల వాళ్ళకి కూడా వినపడింది.

“నేను పరిగెత్తుకెళ్ళి ఏమన్నానో తెలుసాండీ? ‘తోసేసింది, కావాలనే తోసేసింది’ అన్నాను. అందరూ వింటుండగానే. అడిగితే కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాను. గీతాంజలి పేరు లిస్టులోంచి కొట్టేశారు. ఎంపికైనవాళ్ళ క్యాంపు కూడా అయిపోయిందిప్పుడు.”

ఏలూరులో డాక్టరు స్కానింగు చూసి, ఇది ఆ రోజు తెగింది కాదు, ముందే సగం తెగి ఉందన్నాడు. ముందు నుంచీ నొప్పుందా అని అడిగాడు. లేదండి అంది కెజియా. నిస్సీ గోడవైపు తిరిగింది. ఆపరేషన్ చేస్తే నడుస్తుంది, ఎగిరే ఆటలు మాత్రం మర్చిపోండన్నాడు.

వారం తర్వాత రుక్మిణి ఫోన్ చేసింది. తిట్టలేదు. “మా పిల్ల కూర్చుని తన చేతులే చూసుకుంటుందే. ‘నిజంగా తోశానా అమ్మా, నాకు గుర్తులేదు’ అంటంది. నువ్వు దగ్గరే ఉన్నావుగా. దాని చెయ్యి తగిలిందా? నిజం చెప్పు కెజియా.”

“ఏం చెప్పావు?” చెబుతున్న కెజియాని మళ్ళీ లోపలి నుంచే నిస్సీ అడిగింది.

పైన రేకులు ఎండకి టకటకమంటున్నాయి.

“తగిలింది, నా కళ్ళారా చూశానన్నానండి. అసలు నేను ఆ పిల్లవైపు చూస్తేగా! నా చూపంతా నిస్సీ మోకాలి మీదే ఉంది. ఆ గుడ్డ ఎప్పుడు జారిపోద్దోనని.” ఏడుస్తూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. “ఆ రోజు నుంచి గీతాంజలి బంతి ముట్టలేదంట. బడికి కూడా సరిగ్గా వెళ్ళట్లేదంట. రుక్మిణి నా నంబరు తీసేసింది.”

ఎదుటి మనిషి పుస్తకం మూశారు. కెజియా లేచి ఆయన ఫోన్ వైపు వేలు చూపించింది.

“అదంతా ఎక్కిందాండీ అందులో?”

ఎక్కిందన్నారు.

“నా గురించి రాయడం తర్వాత చూసుకుందురుగాని. ముందు గూడెం బస్సెక్కండి, వాళ్ళ నాన్న కొట్టు ఇప్పుడు రుక్మిణే చూసుకుంటుంది. నేను వెళ్తే రుక్మిణి షట్టర్ దించేస్తుంది. మీరైతే కొట్టుకొచ్చిన మనిషి, వ్యాపారం చేసేది, పొమ్మనదు. గీతాంజలిని కూడా పిలిపించి, ఇద్దరికీ కలిపి వినిపించండి. చర్చి మెట్ల దగ్గర్నుంచి మొదలుపెట్టండి. నేను ఏడ్చింది తీసేసినా పర్లేదండి. నిస్సీ మాట్లాడిన ఆ రెండు మాటలూ మాత్రం తియ్యకండేం.”