ఎండు ఖర్జూరాల వీడ్కోలు

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న ఆ రోజుల్లో మాదాపూర్ ఆఫీసుల్లో కొత్తవాణ్ణి పేరుకంటే ముందు జిల్లా అడిగేవాళ్ళు. నాది జనగామ వైపు, నా రూమ్మేటుది ప్రొద్దుటూరు. గోపన్‌పల్లిలో ఇద్దరికీ ఒకే గది, ఒకే టీవీ. వార్తల వేళకు ఇద్దరం క్రికెట్ పెట్టుకుని మహా శ్రద్ధగా చూసేవాళ్ళం. (మా ఇద్దరికీ క్రికెట్ అంటే పడదు.) బంద్ జరిగినప్పుడల్లా వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చేది. చివరికి వాడు బెంగుళూరుకు బదిలీ అడిగి తీసుకున్నాడు.

ప్రయాణం రోజు సాయంత్రం గదిలోనే పార్టీ ఇస్తానని ఆఫీసంతా చాటాను. ఏదో విందులో ఖర్జూరాలు చీల్చి, గింజ తీసి, కోవా, జీడిపప్పు కూరి పెట్టడం చూశాను. పొయ్యి వెలిగించక్కర్లేని వంట, నా స్థాయికి సరిగ్గా సరిపోయింది. ముందురోజు దుకాణంలో 'మెత్తటివా, ఎండువా?' అని అడిగారు. డ్రై ఫ్రూట్ అన్నాక ఎండువే ఉండాలి కదా అని తెలివిగా అవే తెచ్చాను. ఇంటికొచ్చి చూస్తే తాంబూలంలో పెట్టే రాళ్ళు! మార్చుకుందామంటే తెల్లారితే బంద్. పొద్దున్నుంచి వేడినీళ్ళలో నానబెట్టి కోస్తే కత్తి వంగింది. వాడు బట్టలు సర్దుకుంటూ, "ఏమప్పా, నన్ను సాగనంపేకా ఇవి, పండ్లు రాలగొట్టేకా?" అన్నాడు.

సాయంత్రానికి పళ్ళెం నిండా ఖర్జూరాలు నోళ్ళు తెరుచుకుని అతిథుల కోసం చూశాయి. ఒక్కడూ రాలేదు. బస్సుల్లేవు, ఆటోల్లేవు. (ఉంటే ఇంకో సాకు చెప్పేవాళ్ళు, అన్ని జిల్లాల చేతులూ ఒకే పళ్ళెంలో పడే కాలం కాదది.) ఆరింటికి బంద్ ముగుస్తుంది, ఎనిమిదింటికి దగ్గర్లోని రాయదుర్గం స్టాపులో వాడి బస్సు. వాడు పోకూడదని నాకుంది. అలాంటి మాటలు నోటితో చెప్పుకోవడం మాకు అలవాటు లేదు. అందుకని పళ్ళెం పట్టుకుని కిందికి దిగాను. మా వాచ్‌మన్ మామ, పాలమూరు మనిషి, "యాడికి పోతున్నవ్ బిడ్డా?" అంటూ వెంట వచ్చాడు.

మలుపు దగ్గర రిలే నిరాహార దీక్ష టెంటులో అప్పుడే నిమ్మరసం తాగి దీక్ష విరమిస్తున్నారు. ఖర్జూరాలు పంచి, అక్కడి పెద్దాయనను మెల్లగా అడిగాను: "పెద్దనాయనా, బంద్ రేపటిదాంక పెంచరాదుండ్రి?" ఆయన కళ్ళు చెమర్చాయి. "గిసుంటి పోరగాండ్లుంటే తెలంగాణ ఎందుకు రాదు!" అని నా మెడలో కండువా వేశాడు. ఆ తర్వాత ఖర్జూరం నోట్లో వేసుకుని చాలాసేపు నమిలి, "తమ్మీ, దీనికంటే ఉపాసమే నయముండె" అన్నాడు. బంద్ మాత్రం పెంచలేదు. మామ నా వంక అదోలా చూశాడు.

గది గుమ్మంలోకి వచ్చేసరికి వాడు పెట్టెతో సిద్ధంగా ఉన్నాడు. కండువా చూశాడు, ఖాళీ పళ్ళెం చూశాడు. "నేను పోయినంక చేసుకోకూడదా పండగ? రెండు గంటలు ఆగలేకపోయినావా?" అన్నాడు. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. "నువ్వు పోతున్నవని నాకు సన్మానం చేసిండ్రు" అన్నాను. నా జోకుకు వాడు నవ్వకపోవడం అదే మొదటిసారి. మామ వాడి పెట్టె కిందికి మోశాడు, నేను బండి తీశాను. రాయదుర్గం దాకా వాడు పెట్టె ఒళ్ళో పెట్టుకుని నా వెనక కూర్చున్నాడు. బస్సు సరిగ్గా సమయానికి వచ్చింది. (ఆ ఊళ్ళో సమయానికి వచ్చిన బస్సును నేను చూసింది అదొక్కటే.)

తర్వాతి బంద్ రోజున ఫోన్ మోగింది. "ఏం బ్బా, ఈ పొద్దు ఎవురి బస్సు ఆపేకి పోయినావు?"

"నీకెవరు చెప్పిండ్రు?"

"పెట్టె దించేటప్పుడు మామ చెప్పినాడులే."

"మరి అప్పుడే ఎందుకు అనలేదురా?"

"అనింటే బస్సెక్కేవాణ్ణి కాదు. ఆపక్క అమ్మ ఏడుస్తాండాది."

ఇప్పుడు మెత్తటి ఖర్జూరాలే కొంటున్నాను, కూరడమూ వచ్చింది. మెడలో కండువా, చేతిలో ఖాళీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే మాత్రం, వీపు తట్టి 'నిజం చెప్పరా' అనాలనిపిస్తుంది. చెప్పడు. మళ్ళీ ఏదో జోకేస్తాడు, నాకు తెలుసు.