పీపా అడుగున తల్లి

మా ఊరు మోంతెపుల్చానోలో ఫోస్కా కోపం రుచి చూడనివాళ్ళు లేరు. పూజకని ఇచ్చిన వైన్‌లో నీళ్ళు ఎక్కువ కలిపాడని ఫాదర్‌ని చర్చి మెట్ల మీదే నిలదీసింది.

"ఒక్క చుక్క కలపాలమ్మా, ఆచారం" అన్నాడాయన.

"చుక్క అని చెప్పి చెంబుడు పోశారు. దేవుడికి నాలుక లేదనుకున్నారా?"

మావైపు తీపి వైన్ విన్ సాంతోలో బిస్కెట్లు ముంచుకు తినేవాళ్ళ ఇళ్ళకు ఆమె పెళ్ళికి పిలిచినా వెళ్ళేది కాదు.

ఎదురింట్లో పెరిగిన నాకు ఆ కోపం ఎక్కడ పుట్టేదో తెలుసు. వాళ్ళ అటక మీద ఒక చిన్న పీపా ఉండేది. దాని అడుగున ఉండే చిక్కటి మడ్డిని మావాళ్ళు 'తల్లి' అంటారు. పాలకు తోడు ఎలాగో, ఎండిన ద్రాక్షల రసం విన్ సాంతో కావడానికి తల్లి అలాగ. వాళ్ళమ్మ ఇల్లు కొడుకు దులియోకు ఇచ్చింది, తల్లిని కూతురికిచ్చింది. ఫోస్కా ఒక తాపీమేస్త్రీని పెళ్ళాడి పక్క ఊరు కియాంచానో వెళ్ళినప్పుడు ఆ మడ్డిని జాడీలో పోసి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకుపోయింది. అతను పోయాక అలాగే వెనక్కి తెచ్చుకుంది. ఆ ప్రయాణం గురించి ఎప్పుడడిగినా, డ్రైవరు గతుకులు చూడకుండా తోలాడనే తిట్టేది. భర్త మాట ఎత్తేది కాదు.

మొన్న ఆగస్టు చివరి ఆదివారం, పీపాల పందెం రోజు. ఎనిమిది పేటల కుర్రాళ్ళు పీపాలు దొర్లించుకుంటూ కొండవీధి ఎక్కుతారు. మా పేట ఓడిపోయింది. "అన్నం తిన్నారా, గడ్డి తిన్నారా!" అని మా కుర్రాళ్ళ మీద అరిచి అరిచి, బొంగురు గొంతుతో ఇల్లు చేరింది ఫోస్కా. వెనకే నేనూ వెళ్ళాను.

పెరట్లో బల్ల చుట్టూ మిలానో నుంచి వచ్చిన దులియో అతిథులు. బల్ల మీద బంగారు రంగు సీసాలు. పక్కనే, అటక మీద ఉండాల్సిన పీపా. బిరడా మీది మైనం పగలగొట్టి ఉంది.

"ఒరేయ్ దులియో, తెరిచావా?"

"ఊరికే రుచి చూపిద్దామని, అక్కా. కొంచెమే తోడాను."

ఆమె వంగి, బిరడా తీసిన కంతలోంచి చూసింది. "కొంచెమా? అడుగు కనబడుతోంది కదరా!"

"తల్లిని ముట్టుకోలేదుగా."

"ఒంటి మీద దుప్పటి లాగేసి ముట్టుకోలేదంటావా? ఇప్పుడు దాని మీద ఏం కప్పను? ద్రాక్ష ఇంకా తీగ మీదే ఉంది. కోసి, ఎండబెట్టి, రసం తీసేసరికి క్రిస్మస్ దాటుతుంది. ఈ ఎండల్లో అప్పటిదాకా అది ఉంటుందా? పులిసి చస్తుంది!"

అతిథుల్లో ఒకాయన సర్దిచెప్పబోయాడు. "చాలా బాగుందండీ. కాస్త తీపి ఎక్కువ, అంతే."

"ఇంకా మూడు శీతాకాలాలు ఆగితేగానీ పుట్టదది. కడుపులో బిడ్డకి వంకలు పెడుతున్నారా మీరు?"

ఆయన గ్లాసు కింద పెట్టేశాడు. ఫోస్కా వంటింట్లోంచి గరాటు తెచ్చి, సీసాల మూతలు లాగడం మొదలుపెట్టింది.

"అక్కా, నలుగురిలో పరువు తీస్తున్నావు" అన్నాడు దులియో పళ్ళ బిగువున.

"పరువా? అదీ ఇందులోనే పోస్తాను. గరాటు పట్టుకో."

పట్టుకున్నాడు. సీసా తర్వాత సీసా పీపాలోకి వెళ్ళింది. ఒకావిడ పాపం తన గ్లాసు కూడా ముందుకు జరిపింది. "అది వద్దు, నోరు పెట్టారు" అంది ఫోస్కా.

అయినా వెలితి మిగిలింది. తాగేసింది తాగేశారు కదా. ఫోస్కా పీపాలోకి మళ్ళీ తొంగిచూసింది. తర్వాత లోపలికి వెళ్ళి, మంచం కింద నుంచి దుమ్ముపట్టిన పాత విన్ సాంతో సీసాలు ఒడిలో వేసుకుని వచ్చింది. తను పోయిన రోజున ఇంటికొచ్చినవాళ్ళకు పోయమని దాచుకున్నవి అవి. దులియో గరాటు పక్కకి లాగాడు.

"అవొద్దక్కా."

"నోరు మూసుకుని గరాటు సరిగ్గా పట్టుకో. ఇక నాకు చావడానికి కూడా వీల్లేకుండా చేశావు. చస్తే నీళ్ళు పోస్తావా వచ్చినవాళ్ళకి?"

చివరి సీసా చివరి చుక్క దాకా వంచి, బిరడా కొట్టింది. మైనం కరిగించి తనే పోసింది. అతిథులు ఎప్పుడు లేచి వెళ్ళారో ఎవరూ చూడలేదు.

తల్లి బతికిందో లేదో ఇప్పుడు తెలియదు. మూడు శీతాకాలాలు గడిచి పీపా మళ్ళీ తెరిచినప్పుడే తెలుస్తుంది. దులియోతో మాట్లాడటం కూడా అప్పటిదాకా వాయిదా వేసింది ఫోస్కా. ఈలోగా అతనికి చెప్పాల్సిన తిట్లన్నీ నాతో చెప్పి పంపుతోంది.